అరచేతి తూకం

కిసుము బస్టాండు వెనక
టైర్లు కాలిన పొగకీ చేపలు వేగే పొగకీ నడుమ
మంచమంత కొట్టు మాది.
మాది అంటే అలువోచ్‌ది.
నేను వైర్ల చిక్కులు తీసే కుర్రాణ్ణి.

చేరిన రోజే చెప్పింది:
"డబ్బా మీది పేరు చదవకు,
అక్షరాలు ఎవడైనా అచ్చేస్తాడు.
చార్జర్‌ని అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకో.
మంచిది తడిసిన సబ్బుబిళ్ళలా కూర్చుంటుంది.
దొంగది వేరుశనగ తొక్క.
పెట్టావో లేదో నీకే అనుమానం వస్తుంది."

ఆర్నెల్లు కళ్ళు మూసుకునే బతికాను.
బడిపిల్లల ఫోన్లకీ, బైకు టాక్సీవాళ్ళ ఫోన్లకీ,
పాస్టరుగారి రెండు ఫోన్లకీ
తూచి తూచి ఇచ్చాను.
నా చెయ్యి తక్కెడ అని
పక్క కొట్టు వాళ్ళతో గొప్పలు పోయాను.

ఆ సాయంత్రం ఒబియెరో వచ్చాడు.
చొక్కా జేబుకి చేపపొలుసులు,
చేతిలో సగం కరిగిన పాత చార్జరు,
ఎండకి వదిలేసిన బెల్లంముక్కలా.
"చీకటి పడేలోపు పడవెక్కాలి.
అన్నిటికన్నా గబగబా ఎక్కించేది ఇవ్వు."

అడిగిందే తడవు
కొత్త సరుకులో చెయ్యి పెట్టాను.
అన్నిటికన్నా బరువైనది తీశాను.
మా ఆవిడకి చూపించడానికి
కాస్త పైకెగరేసి మరీ పట్టుకున్నాను.

అలువోచ్ దాన్ని లాక్కుని
చెవి దగ్గర ఊపింది.
మాట్లాడలేదు.
బల్ల అంచుకేసి ఒక్క దెబ్బ.

రెండు చెక్కలయింది.
లోపల నాలుగు వెంట్రుకల్లాంటి తీగలు,
చింతగింజంత పలక,
దాని పక్కన, దేనికీ అంటుకోకుండా,
దేనికీ పనికిరాకుండా
జిగురేసి అతికించిన
ఇనప ముక్క.

మమ్మల్ని ఎవడో గమనించాడన్నమాట.
ఎక్కడో ఊరూ పేరూ తెలియని కార్ఖానాలో
ఎవడో కూర్చుని
నాలాంటి వాళ్ళు కళ్ళు మూసుకుంటారని
ముందే లెక్కేశాడు.
నా అరచెయ్యి చల్లబడింది.

"తిట్టనులే," అంది అలువోచ్.
"నాకూ ఇదే మొదటిసారి.
కానీ నువ్వు అడగాల్సింది అడగలేదు."
అతనివైపు తిరిగి, "రాత్రి దీన్ని ఎందులో గుచ్చుతావు?"
"దీపాల బ్యాటరీకి. నీళ్ళ మీద."
"విన్నావా? సరస్సు మీద
గోడలెక్కడివిరా, గోడకి గుచ్చేది ఇవ్వబోయావు?"

అడుగు సొరుగులోంచి
బొటనవేలంత ఎడాప్టరు తీసింది.
పన్నెండు వోల్టులు తాగి అయిదు ఇచ్చేది.
దాన్ని కొట్టు బ్యాటరీకి తగిలించి
తన సొంత ఫోనుకే పెట్టింది, అతని ఫోనుకి కాదు.
పైన చెయ్యి వేసి కూర్చుంది.

"ఇంకెంతసేపమ్మా?"
"అరగంట."
"పొద్దు గుంకుతోంది."
"గుంకనీ. సగం రాత్రిలో ఇది కాలితే
నీ ఒడ్డు ఎటో ఎవరినడుగుతావు?"

అతను గొణిగాడు. కాల్చిన మొక్కజొన్న కొనుక్కున్నాడు.
నాకూ సగం విరిచి ఇచ్చాడు.
ఇరవయ్యో నిమిషానికి ఆవిడ
చెయ్యి తీసి చూసుకుని, మళ్ళీ వేసింది.
మెతుకు నొక్కి అన్నం సంగతి చెప్పేవాళ్ళలా
తొందర లేని ముఖం.
"వెచ్చగా ఉంది. వేడిగా లేదు. తీసుకెళ్ళు."

మూడొందల ఇరవై షిల్లింగులు లెక్కపెట్టి
వెళ్ళబోతూ ఆగాడు ఒబియెరో.
బల్ల మీది ఇనప ముక్కని
రెండు వేళ్ళతో ఎత్తి చూశాడు.
"ఇదెంత?"
"దానికి డబ్బులేమిటి?" అంది.
"వలకి ఒక మూల గుండు ఊడిపోయింది," అన్నాడు,
జేబులో వేసుకుంటూ.

రాత్రి కొట్టు మూసి
ఒడ్డుకి నడిచాను.
దూరంగా పడవ దీపాలు,
ఎవరివి ఏవో తెలియని ముప్ఫై నలభై.
వాటిలో ఒకదాని కింద,
నల్లటి నీళ్ళలో,
నన్ను మోసం చేసిన బరువు
వలని సరిగ్గా కిందికి లాగుతోంది.